తెర ఎంత వెడల్పు?

మా కంపెనీ క్యాంపు మహబూలాలో ఉంది. కువైట్ సిటీ నుంచి దక్షిణంగా సముద్రం పక్కనే వెళ్తే వస్తుంది. క్యాంపు భోజనాల హాలులో గోడకి ఒక మానిటరు, దాని వెనక ఒక పాత లినక్సు కంప్యూటరు ఉండేవి. ఎవరు ఏ సైటుకి, ఏ బస్సులో, ఎన్నింటికి వెళ్ళాలో ఆ తెర మీద వచ్చేది. దాన్ని నడిపే షెల్ స్క్రిప్టు నేనే రాసాను. అంటే రోజూ చేత్తో టైపు చేసే ఆదేశాలన్నీ ఒక ఫైలులో వరసగా పెట్టి, తెల్లవారుజామున మూడున్నరకి దానంతటదే నడిచేలా చేసానన్నమాట.

కువైట్లో జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 దాకా ఆరుబయట ఎండలో పని చేయించకూడదని నిబంధన. అందుకని జూన్ 1న షిఫ్టులూ, బస్సులూ అన్నీ మారిపోతాయి. ఏడాది మొత్తంలో ఆ తెరని అందరూ నిజంగా చూసుకునే రోజు అదొక్కటే. 2016లో సరిగ్గా దానికి ముందు సాయంత్రమే మానిటరు పోయింది. క్యాంపు చూసుకునే ఆయన స్టోరులోంచి ఇంకోటి తెచ్చి తగిలించాడు. బొమ్మ వచ్చింది కదా అని ఎవరూ పట్టించుకోలేదు.

పొద్దున ఆరున్నరకి నాకు ఫోను. రాయచోటి పక్కనుంచి వచ్చిన కుర్రాడు. "పేరుండాది అన్నా, బస్సు నంబరు యాడుండాది?" అన్నాడు. పాత బస్సే అనుకుని పాత చోట నిలబడ్డాడట. కొత్త బస్సు అప్పటికే వెళ్ళిపోయింది. ఆ రోజు జీతం కోత పడింది. మిగతావాళ్ళు ఒకర్నొకరు అడుక్కుని ఎలాగో సర్దుకున్నారు.

వెళ్ళి చూస్తే సంగతి తేలిపోయింది. పాత మానిటరు 1280 చుక్కల వెడల్పు, కొత్తది 1024. నేను ఎక్స్‌టెర్మ్ అనే టెర్మినలు కిటికీని 126 నిలువు గళ్ళ వెడల్పుతో తెరిచేవాణ్ణి. వాడిన అక్షరం ఒక్కొక్కటి 10 చుక్కల వెడల్పు, 20 చుక్కల ఎత్తు. అంటే 1260 చుక్కలు, అంచులకి రెండేసి చొప్పున ఇంకో 4. పాత తెర మీద హాయిగా పట్టేది. కొత్త తెర మీద 102 గళ్ళు మాత్రమే కనిపిస్తాయి. బస్సు నంబరు 108వ గడి దగ్గర మొదలవుతుంది. అంతే సంగతులు.

(ఇదంతా ఇంగ్లీషు అక్షరాల్లోనే. తెలుగులో పెట్టమని కుర్రాళ్ళు చాలాసార్లు అడిగారు. ఎక్స్‌టెర్మ్‌కి ఒత్తులూ గుణింతాలూ సరిగ్గా కలిపి చూపించే విద్య రాదు.)

తెర కొలతని స్క్రిప్టులో అంకె వేసి రాసేయకుండా తెరనే అడగాలి. సరే, ఎలా అడగాలి? చాలామందికి మొదట గుర్తొచ్చేది టీపుట్. పక్కన సీ, ఓ, ఎల్, ఎస్ అని కొడితే నిలువు గళ్ళెన్నో, లైన్స్ అని కొడితే వరసలెన్నో చెబుతుంది. ఎస్‌టీటీవై పక్కన సైజ్ అని కొడితే రెండూ ఒకేసారి చెబుతుంది. కాకపోతే అది ముందు వరసలు, తరువాత గళ్ళు ఇస్తుంది. ఇది గుర్తుంచుకోకపోతే వెడల్పూ ఎత్తూ తారుమారవుతాయి. నేనొకసారి అయ్యాను కూడా.

కానీ నా సమస్యకి టీపుట్ పనికిరాలేదు. ఆ కొత్త మానిటరు దగ్గర కూర్చుని అడిగితే నిక్షేపంగా 126 అంది! అబద్ధమేమీ కాదు. టీపుట్ చెప్పేది టెర్మినలు కిటికీ ఎంత అని. తెర ఎంత అని కాదు. కిటికీ నిజంగానే 126 గళ్ళుంది, కాకపోతే అందులో 24 గళ్ళు తెర దాటి గాల్లో ఉన్నాయి. మామూలు డెస్కుటాపు మీదైతే విండో మేనేజరు కిటికీని లోపలికి జరపడమో, కుదించడమో చేయొచ్చు. ఆ పాత యంత్రం మీద భారం ఎందుకని నేను విండో మేనేజరే పెట్టలేదు.

కాబట్టి చుక్కల లెక్క కావాలి. దాన్ని చెప్పేది టెర్మినలు కాదు, తెర మీద బొమ్మలు గీసే ఎక్స్ సర్వరు. దాన్ని అడగడానికి మూడు దారులున్నాయి. ఎక్స్‌డీపీవైఇన్ఫో బోలెడంత సమాచారం కక్కుతుంది. అందులో డైమెన్షన్స్ అన్న వరసని గ్రెప్‌తో ఏరుకోవాలి. రెండు మానిటర్లు పక్కపక్కన ఉంటే రెండూ కలిపి చెబుతుంది. ఎక్స్ఆర్అండ్ఆర్ ఏ మానిటరుకి ఆ మానిటరు లెక్క ఇస్తుంది, ఇప్పుడు నడుస్తున్న కొలత పక్కన ఒక నక్షత్రం గుర్తు పెడుతుంది. మూడోది ఎక్స్‌డూటూల్. దాని పక్కన గెట్‌డిస్‌ప్లేజామెట్రీ అని మధ్యలో ఖాళీ లేకుండా చిన్నబడి ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే 1024 768 అని రెండే అంకెలు, ముందు వెడల్పు, తరువాత ఎత్తు వస్తాయి. ఏరుకోవడం, కోసుకోవడం ఏమీ లేదు. స్క్రిప్టుకి ఇంతకంటే ఏం కావాలి? నేను దీన్నే వాడాను. ఇది చాలా పంపిణీల్లో ముందుగా ఉండదు, విడిగా దించుకోవాలి. ఈమధ్య ఉబుంటు, ఫెడోరాలు వేలాండ్ మీద నడుస్తున్నాయి. అక్కడ ఈ మూడూ నడుస్తాయి గానీ, తెరని ఒకటింపావో ఒకటిన్నరో రెట్లు పెంచి పెట్టుకుంటే వాటి అంకెలు అసలు చుక్కలతో కలవకపోవచ్చు.

తరువాత లెక్క సులువు. వెడల్పులోంచి 4 తీసేసి 10తో భాగిస్తే 102. ఎత్తులోంచి 4 తీసేసి 20తో భాగిస్తే 38. ఆ కొలతతో ఎక్స్‌టెర్మ్ తెరవడమే. లోపల నడిచే భాగం మాత్రం టీపుట్‌ని అడిగి, ఉన్న గళ్ళలో పట్టిక సర్దుకుంటుంది. ఇద్దర్నీ అడగాలి, ఎవరిని అడగాల్సింది వాళ్ళని. పనిలో పనిగా బస్సు నంబరుని ఎడమ చివరికి, పేరు పక్కకి తెచ్చేసాను. అది మొదటి రోజే చేయాల్సిన పని.

చేత్తో నడిపి చూసాను, బ్రహ్మాండంగా ఉంది. మర్నాడు పొద్దున చూస్తే మళ్ళీ 126! నంబరు ఎడమవైపుంది కాబట్టి ఎవరి బస్సూ తప్పలేదు, టైము మాత్రం మాయం. తప్పు ఎక్కడంటే, తెల్లవారుజామున స్క్రిప్టుని లేపేది క్రాన్. క్రాన్ లేపినప్పుడు డిస్‌ప్లే అనే చలరాశి ఉండదు. ఏ తెరని అడగాలో తెలియక ఎక్స్‌డూటూల్ చేతులెత్తేసింది. ఎక్స్‌టెర్మ్‌కి మాత్రం నేను తెర పేరు విడిగా ఇచ్చాను కనుక అది తెరుచుకుంది. మరి 126 ఎక్కణ్ణించి వచ్చింది? జవాబు రాకపోతే 126 వేసుకోమని నేనే రాసుకున్నాను, ముందుజాగ్రత్త అనుకుని!

ఈ జబ్బు నా ఒక్కడిదే కాదు. అడగడానికి టెర్మినలు దొరకనప్పుడు టీపుట్ చాలాసార్లు టెర్మ్ఇన్ఫోలో రాసి ఉన్న 80 ఇచ్చేసి ఊరుకుంటుంది. ఎస్‌టీటీవై నయం, నా ముందు టెర్మినలు లేదు అని తిట్టి ఆగిపోతుంది. ఇంతకీ ఈ 80 ఏమిటంటే, 1978లో వచ్చిన వీటీ100 టెర్మినలు వెడల్పు 80 గళ్ళు. అంతకు ముందు, 1928లో ఐబీఎం తెచ్చిన చిల్లుల కార్డులోనూ 80 నిలువు వరసలే. అట్టముక్క కొలత మన తెర మీద ఇంకా తిరుగుతోంది.

క్రాన్ వరసలో డిస్‌ప్లేకి, కోలను పక్కన సున్నా అనే విలువ ఇచ్చాను. 126 తీసేసాను. జవాబు రాకపోతే పట్టిక వేయకుండా "సూపర్వైజరుని అడగండి" అని ఒక్క వరస పెద్దక్షరాల్లో చూపిస్తుంది, నాకు మెయిలు పంపుతుంది.

రెండేళ్ళ తరువాత మానిటరు తీసేసి 1366 చుక్కల టీవీ పెట్టారు. స్క్రిప్టు తనంతట తానే 136 గళ్ళని లెక్కేసుకుంది. నేను ఊళ్ళో సెలవులో ఉన్నాను. అయినా అనుమానం వదల్లేదు, ఎందుకంటే కొన్ని టీవీలు వచ్చిన బొమ్మని కాస్త సాగదీసి అంచులు కోసేస్తాయి. ఆ సంగతి ఎక్స్ సర్వరుకి తెలియదు, ఏ ఆదేశమూ చెప్పదు. పట్టికకి రెండు చివరలా నిలువు గీతలు గీయించి, ఆ రాయచోటి కుర్రాడికే ఫోను చేసాను.

"ఎడమ గీత సగం ఉండాదన్నా. కుడిది లేనే లేదు" అన్నాడు.

టీవీ మెనూలో బొమ్మని ఉన్నదున్నట్టు చూపించే అమరిక ఎక్కడుందో వెతికించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. రిమోటు కనబడక.