ముగ్గురాయిలో ఆక్సిజన్ జాడ

ఆత్మకూరు ఇంటర్ పిల్లలు సాల్ట్ అనాలిసిస్‌లో సల్ఫేట్ ఉందో లేదో తేల్చడానికి బేరియం క్లోరైడ్ వేస్తారు. ఉంటే తెల్లటి అవక్షేపం దిగుతుంది. అది బేరియం సల్ఫేట్. మంగంపేట గనుల్లో తవ్వి లారీలకెత్తే ముగ్గురాయి కూడా ప్రధానంగా అదే. అందులో ఏ పరమాణువు ఎక్కడుందో ఎక్స్‌రేలు చెబుతాయి. కాకపోతే అవి చూసేది ఎలక్ట్రాన్లను. బేరియంకు 56, ఆక్సిజన్‌కు 8. పెద్దదాని పక్కన చిన్నది మసకబారుతుంది. న్యూట్రాన్ కేంద్రకాన్ని తాకి చెదురుతుంది కాబట్టి దాని లెక్క వేరు. ఆ లెక్కలో ఆక్సిజన్‌దే కాస్త పైచేయి.

న్యూట్రాన్లతో అలా పరమాణువుల జాడ తీసే పరికరం అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో, యుద్ధకాలపు రియాక్టర్ పక్కన 1940లలో పుట్టింది. ఎర్నెస్ట్ వోలన్ మొదలుపెట్టాడు, 1946లో క్లిఫర్డ్ షల్ వచ్చి చేరాడు. రియాక్టర్ గోడలోని రంధ్రంలోంచి వచ్చే న్యూట్రాన్లలో ఒకే తరంగదైర్ఘ్యం ఉన్నవాటిని ఒక స్ఫటికం ఏరిస్తుంది. అవి పరీక్షించే పదార్థపు పొడి మీద పడి కొన్ని కోణాల్లోనే బలంగా చెదురుతాయి. చుట్టూ ఉన్న డిటెక్టర్లు వాటిని లెక్కపెడతాయి; గ్రాఫులో ఆ కోణాల దగ్గర శిఖరాలు లేస్తాయి. పొడిని సాధారణంగా వెనేడియం గొట్టంలో పోస్తారు, ఆ లోహం తన సొంత శిఖరాలను దాదాపు చూపించదు గనుక. 1949లో షల్, స్మార్ట్ చల్లబరిచిన మాంగనీస్ ఆక్సైడ్‌లో కొత్త శిఖరాలు చూశారు. పరమాణు అయస్కాంతాలు ఒకటి ఇటు, ఒకటి అటు తిరిగి ఉంటాయని భౌతిక శాస్త్రవేత్త నీల్ ఊహించిన అమరిక కళ్లకు కట్టింది. షల్‌కు నోబెల్ 1994లో గానీ రాలేదు. అప్పటికి వోలన్ పోయి పదేళ్లు.

పొడితో ఒక చిక్కు. శిఖరాలు ఒకదాని మీదొకటి పడతాయి. పెద్ద స్ఫటికం దొరికినవాళ్లు పొడివాళ్లను చిన్నచూపు చూడటానికి కారణం అదే. నెదర్లాండ్స్‌లోని పెట్టెన్ పరిశోధన సంస్థలో హ్యూగో రీట్‌వెల్డ్ ఆ ముడిని విప్పాడు. కలిసిపోయిన కొర్రలనూ సామలనూ ఏరుతూ కూర్చోకుండా మొత్తం రాశినే తూచినట్టు, శిఖరాలను విడదీయడం మానేశాడు. నమూనా నిర్మాణాన్ని ఊహించి, గ్రాఫు మొత్తాన్నీ కంప్యూటర్‌తో లెక్కగట్టి, కొలిచినదానితో బిందువు బిందువూ సరిపోయేదాకా సవరించాడు. ఆ వ్యాసం 1969లో వచ్చింది. మొదట్లో పట్టించుకున్నవాళ్లు తక్కువే. ఆయన పరిశోధన వదిలి ఆ సంస్థ లైబ్రరీ బాధ్యతలు చూసుకున్నాడు! నన్నడిగితే ఈ యంత్రానికి రెండో పుట్టుక ఆ లెక్కే.

మన దేశంలో ఈ పని ట్రాంబేలో పాతుకుంది. అక్కడ 1956లో అప్సర, 1960లో సైరస్, 1985లో 100 మెగావాట్ల ధ్రువ రియాక్టర్లు వచ్చాయి. పి.కె. అయ్యంగార్ కెనడాలో న్యూట్రాన్ పరిశోధకుడు బ్రాక్‌హౌస్ దగ్గర పనిచేసి వచ్చి ఇక్కడ బృందాన్ని నిలబెట్టారు. రీట్‌వెల్డ్ వ్యాసం వచ్చిన ఏడాదే ఎన్.ఎస్. సత్యమూర్తి, సహచరులు జింక్-నికెల్ ఫెర్రైట్‌లో అయస్కాంత దిశలు తిన్నగా ఎదురెదురుగా కాక కోణంలో వాలి ఉన్నాయని చూపారు. విశ్వవిద్యాలయాల పరిశోధకులు తమ పొడులు తెచ్చుకోవడానికి ధ్రువలో ఒక పరికరం విడిగా ఉంది.

బేరియం మళ్లీ తెర మీదికి వచ్చింది 1987లో. ఇట్రియం, బేరియం, రాగి, ఆక్సిజన్ కలిసిన కొత్త అతివాహకం చేతికందింది, మొదట పొడిగానే. భారీ పరమాణువుల మధ్య ఆక్సిజన్ ఎక్కడుందో న్యూట్రాన్లే తేల్చాయి: రాగితో కలిసి వరుసలు కట్టి ఉంది. ఆ వరుసల్లోంచి ఆక్సిజన్ పూర్తిగా పోతే, ఆ పదార్థం విద్యుత్ బంధకం అయిపోతుంది.