నేలకు దగ్గఱైన కారు

కారు మిట్ట నెక్కినప్పుడు చక్రముల కడనున్న స్ప్రింగులు కుదించుకొని ఆ దెబ్బను తాము భరించును. పిమ్మట కలుగు ఊగులాటను షాక్ అబ్సార్బర్లు అణచును. కొందఱు ఆ స్ప్రింగులను తీసి, పొట్టివియు బిరుసైనవియు అమర్చి కారును క్రిందికి దించుదురు. అట్లు చేసినచో మలుపులలో కారు ఒరుగుట తగ్గును. అడుగున దూరు గాలి తగ్గి శక్తియు కొంత మిగులును.

అయినను విద్యుత్ కారున కొక విశేషము కలదు. బరువైన బ్యాటరీ దాని అడుగుననే పఱచియుండును. అందువలన అది సహజముగనే నిలుకడ గలది. దించుటచే కలుగు లాభము స్వల్పము. దెబ్బకు ఎదురగునది మాత్రము కారులో మిక్కిలి విలువగల భాగము.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతమును చూడుడు. అది నల్లమల, ఎఱ్ఱమల కొండల నడుమ కుందూ లోయలో నున్నది. అచ్చటి నల్లరేగడి వానకు ఉబ్బును, ఎండకు బీటలు వాఱును. అట్టి నేలపై పల్లెబాటలు ఎగుడుదిగుడు లగును. ఊరి మొదట ఇరుకైన స్పీడు బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తున్న దనుకొందము. నేలకు 16 సెంటీమీటర్ల ఎడముగల కారును 4 సెంటీమీటర్లు దించినచో 12 మిగులును. ముందుచక్రములు బ్రేకరును దాటి, వెనుకచక్రములు ఎక్కకమునుపు, దానికిని బ్యాటరీకిని నడుమ 2 సెంటీమీటర్లే యుండును. నలుగురు కూర్చున్నచో అదియు తఱుగును. బ్యాటరీపెట్టె గట్టిదెబ్బ తిన్నచో నిప్పంటుకొనుటయు కలదు.

కావున కారు చేసినవారు విడిచిన ఆ ఎడము వృథా కాదు. అది బ్యాటరీకి కాపు. కారును దించగోరువాడు ముందుగా తాను నిత్యము పోవు బాటలోని మిట్టలను కొలిచి చూచుకొనవలెను.