లినక్స్ కంప్యూటర్లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ – పాటించవలసిన జాగ్రత్తలు

కంప్యూటర్ అపహరణకు గురైనచో లాగిన్ పాస్‌వర్డ్ ఒక్కటే సమాచారాన్ని కాపాడజాలదు. హార్డ్ డిస్కును వేరొక యంత్రానికి అమర్చి అందలి ఫైళ్లను చదువవచ్చును. దీనికి నివారణోపాయం డిస్క్ ఎన్‌క్రిప్షన్.

ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ అయిన డెబియన్‌లో ఈ సదుపాయం 2007 నుండి ఇన్‌స్టాలర్‌లోనే లభ్యమగుచున్నది. డిస్కు విభజన దశలో ‘ఎన్‌క్రిప్టెడ్ ఎల్‌వీఎం’ను ఎంచుకొని, దీర్ఘమైన పాస్‌ఫ్రేజ్‌ను నమోదు చేయవలెను. ఇందువలన డిస్కుపై గల పాత సమాచారం తొలగిపోవును గనుక ముందుగా బ్యాకప్ తీసుకొనుట తప్పనిసరి.

సమాచారాన్ని తెరచు అసలు తాళంచెవి ‘లక్స్’ హెడర్‌లో భద్రమై ఉండును. పాస్‌ఫ్రేజ్ ఆ తాళంచెవిని మాత్రమే విడిపించును. కావున డిస్కును తిరిగి ఎన్‌క్రిప్ట్ చేయకుండానే పాస్‌ఫ్రేజ్‌ను మార్చుకొనవచ్చును. అయితే పాస్‌ఫ్రేజ్ మరచినను, హెడర్ చెడిపోయినను సమాచారం తిరిగి లభించదు. హెడర్ బ్యాకప్‌ను వేరొకచోట భద్రపరచవలెను. కంప్యూటర్ పనిచేయుచున్నంతసేపు ఈ రక్షణ వర్తించదని వినియోగదారులు గమనించవలెను.