అసలు - నకలు : కళాశాల యంత్రజాలానికి ఒక రక్షణ

'అసలు', 'నకలు' అనే రెండు మాటలను మనం నిత్యం తెలుగు మాటలుగానే పలుకుతున్నాము. అవి అరబ్బీలో పుట్టి, పారశీక, ఉర్దూ భాషల ద్వారా మన కచేరీలలోకి, అక్కడినుండి మన ఇళ్లలోకి వచ్చినవి. పొలం దస్తావేజు పోగొట్టుకొని రిజిస్ట్రారు కార్యాలయంలో నకలు తెచ్చుకొన్న రైతుకు ఈ రెండింటి సంబంధం ఒకరు బోధించనక్కరలేదు. కాని కళాశాల పనులన్నింటినీ మోస్తున్న స్విచ్చి, రౌటరు వంటి యంత్రాల విషయంలో ఆ రైతుకున్న జాగ్రత్త చదువుకొన్న మనకు లేకపోయినది.

తెలుగు బోధించే మాకు ఈ విషయం తెలియడానికి ఒక అనుభవం కారణం. ఒక వేసవి రాత్రి గాలివానకు విద్యుత్తు పలుమార్లు పోయి వచ్చి, కార్యాలయాన్ని, గ్రంథాలయాన్ని, కంప్యూటరు ప్రయోగశాలను కలిపే ప్రధానమైన స్విచ్చి కాలిపోయినది. మరునాడే విజయవాడ నుండి కొత్తది వచ్చినది. అయినా పని సాగలేదు. ఏ తీగ ఏ గదికి, ఏ విభాగానికి ఏ చిరునామా అన్న వివరమంతా పాత యంత్రం కడుపులోనే ఉండిపోయినది. దానిని అమర్చిన సాంకేతికుడు అప్పటికే ఊరు విడిచిపెట్టినాడు. ఆ నాలుగు రోజులు ఉపకారవేతనాల గడువుకు చివరి రోజులు. విద్యార్థులు బజారులోని నెట్ సెంటర్ల ముందు బారులు తీరినారు. ఒక విద్యార్థిని దరఖాస్తు గడువు దాటిపోయినది. యంత్రం ఖరీదు లెక్కల పుస్తకంలో ఉన్నది గాని, ఆ అమ్మాయి పోగొట్టుకొన్న సంవత్సరం ఏ పుస్తకంలోనూ లేదు. యంత్రాల బాధ్యత చూచే కమిటీలో మేమూ ఉన్నాము కనుక ఆ తప్పులో మాకూ భాగం ఉన్నది.

పోయినది యంత్రం కాదు, దాని అమరిక. దీనినే సాంకేతికులు కాన్ఫిగరేషన్ అంటారు. అది కొన్ని వందల పంక్తుల పాఠం మాత్రమే. అనేక యంత్రాలలో ఈ పాఠం రెండు రూపాలలో ఉంటుంది. ఒకటి ప్రస్తుతం నడుస్తున్నది. రెండవది యంత్రం తిరిగి లేచినప్పుడు చదువుకొనేది. మొదటిదానిలో మార్పు చేసి రెండవదానిలో భద్రపరచకపోతే, కరెంటు పోగానే ఆ మార్పు నీటిమీది వ్రాత అవుతుంది. యంత్రమే కాలిపోతే రెండు రూపాలూ దానితోనే పోతాయి. కనుక నకలు యంత్రానికి వెలుపల ఉండాలి.

చేతితో నకలు తీయడం సాధ్యమే గాని, ఒక నెల తీసి మరునెల మరచిపోవడం మానవ స్వభావం. అందుచేత ఈ పనిని కంప్యూటరుకే అప్పగించడం మేలు. ఇందుకు రెండు రకాల పనివారు కావాలి: ఒకరు కాపలాదారు, ఒకరు లేఖకుడు.

కాపలాదారు భాష పేరు ఎస్.ఎన్.ఎం.పి. 1988లో ఇది తొలిసారి ప్రమాణపత్రంగా వెలువడినది. ఇందులో ప్రతి వివరానికి అంకెలతో కూడిన ఒక చిరునామా ఉంటుంది. 1.3.6.1.2.1.1.5 అని అడిగితే యంత్రం తన పేరు చెబుతుంది. చివరి అంకె 2 అయితే తాను ఏ కంపెనీ ఏ నమూనాయో తెలుపుతుంది. 3 అయితే ఎంతకాలంగా మేలుకొని ఉన్నదో చెబుతుంది. ఇక్కడ ఒక చమత్కారం ఉన్నది. ఈ కాలాన్ని సెకనులో నూరవ వంతులుగా 32 బిట్ల సంఖ్యలో లెక్కిస్తారు. సుమారు 497 రోజులకు ఆ పాత్ర నిండి లెక్క మళ్లీ సున్నా నుండి మొదలవుతుంది. అది చూచి యంత్రం ఆగి లేచినదని భ్రమపడరాదు.

లిబ్రె ఎన్.ఎం.ఎస్. అనే ఉచిత సాధనం ఈ భాషలో సాధారణంగా అయిదు నిమిషాలకొకసారి ప్రతి యంత్రాన్ని పలకరిస్తుంది. అమరిక పాఠాన్ని తెచ్చే పని మాత్రం సాధారణంగా దానిది కాదు. అది లేఖకుని పని. ఆక్సిడైజ్డ్ అనే మరొక ఉచిత సాధనం కాపలాదారు నుండి యంత్రాల జాబితా, వాటి జాతి తెలుసుకొని, ఒక్కొక్కదానిలోకి ఎస్.ఎస్.హెచ్. అనే భద్రమైన దారిన ప్రవేశించి పాఠాన్ని వ్రాసుకొని వస్తుంది. మనం వేరుగా చెప్పకపోతే గంటకొకసారి ఈ పని చేస్తుంది. కొత్త యంత్రాన్ని కాపలాదారు జాబితాలో చేర్చితే చాలు, లేఖకుడు దానినీ తన లెక్కలో కలుపుకొంటాడు.

తెచ్చిన పాఠాన్ని గిట్ అనే భాండారంలో ఉంచితే, నిన్నటికి నేటికి తేడా వచ్చిన పంక్తులు మాత్రమే విడిగా కనిపిస్తాయి. సాహిత్య విద్యార్థులకు ఇది కొత్త కాదు. కడపలో సి.పి. బ్రౌన్ పండితులను నియమించి, ఒకే కావ్యానికి అనేక తాళపత్ర ప్రతులు తెప్పించి, పాఠాంతరాలను పోల్చి చూపించినాడు. ఆ పరిష్కర్తల పనినే గిట్ క్షణంలో చేస్తున్నది. ఏ రోజు ఏ పంక్తి మారినదో తెలిస్తే, జబ్బు ఎక్కడ మొదలైనదో తెలిసినట్లే.

ఇక కొన్ని హెచ్చరికలు. ఎస్.ఎన్.ఎం.పి. తొలి రెండు తరాలలో సంకేతపదం మూసివేయని ఉత్తరం వలె తీగల మీద నడుస్తుంది. పైగా అనేకులు 'పబ్లిక్' అనే పదాన్నే మార్చకుండా వదలివేస్తారు. ఇది ఇంటి తాళం చెవిని గడప మీద పెట్టడమే. రహస్య లిపి గల మూడవ తరాన్నే వాడాలి. చదివే అధికారం తప్ప వ్రాసే అధికారం ఇవ్వరాదు. నకళ్లలోనూ రహస్యపదాలు ఉండవచ్చును గనుక వాటిని బీరువాలోని ప్రశ్నపత్రాల వలె కాపాడాలి. రహస్యాలను తొలగించి నకలు తీసే వసతి ఉన్నది గాని, అప్పుడు ఆ పదాలను వేరొకచోట భద్రపరచకపోతే పునరుద్ధరణ సగంలో ఆగుతుంది. నకలు రాని రోజున సాధనం మౌనంగా ఉండక, బాధ్యునికి కబురు పంపేటట్లు ఏర్పాటు చేయాలి.

మన మెట్ట ప్రాంతానికి మరొక పాఠం ఉన్నది. జగ్గయ్యపేట స్తూపం దగ్గర ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరపు దానశాసనాన్ని ఒకటికి మించిన స్తంభాల మీద చెక్కించినారు. ఒక రాయి అరిగినా మరొక రాయి పలుకుతుందన్నమాట. అయితే రాళ్లన్నీ ఒక్క ఆవరణలోనివే. మనకు అది చాలదు. 2023 జూలైలోను, 2024 సెప్టెంబరులోను మునేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద జాతీయ రహదారినే ముంచివేసినది. నీరు చేరిన గదిలో అసలూ నకలూ ఒకే బల్ల మీద ఉంటే రెండూ ఒక్కసారే పోతాయి. జగ్గయ్యపేట నకలు నందిగామలో, నందిగామ నకలు జగ్గయ్యపేటలో, రెండింటి నకళ్లు దూరాన మరొకచోట ఉండడం మంచిది.

ఇందుకు పెద్ద ధనం అక్కరలేదు. సాధనాలు రెండూ ఉచితం. మన కొద్దిపాటి యంత్రాలకు ప్రయోగశాలలోని ఒక పాత కంప్యూటరు చాలును. కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే. ఈ పనికి ఒక అధ్యాపకుని, ఇద్దరు విద్యార్థులను పేరు పెట్టి నియమించండి. ఆరు నెలలకొకసారి, సెలవు రోజున, ఖాళీ స్విచ్చిలోకి నకలును ఎక్కించి, అది నిజంగా నడుస్తున్నదో లేదో పరీక్షింపజేయండి. పరీక్షించని నకలు చదవని పుస్తకం వంటిది. ఉన్నదన్న తృప్తియే గాని ప్రయోజనం తెలియదు.

విద్యార్థులారా, ఈ పని నేర్చుకొంటే రేపు మీకు జీవనోపాధి కావచ్చును. అంతకుమించి, వచ్చే వేసవి గాలివానకు మీ చెల్లెలి దరఖాస్తు ఆగకుండా ఉంటుంది.