ముక్కూ మొహం తెలియని అప్పు

నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పసుపు కొమ్ములు వచ్చే రోజుల్లో అడ్తి దుకాణాల్లో నడిచే లెక్క చూస్తే అప్పు అంటే ఏమిటో సగం అర్థమవుతుంది. విత్తనానికి, ఎరువుకు, బిడ్డ పెండ్లికి రైతు తెచ్చుకున్న పైసలు ఖాతా పుస్తకంలో ఒక్క వరుసగా ఉంటాయి. పంట కాంటా అయ్యాక అసలు, మిత్తి పట్టుకుని మిగతాది చేతిలో పెడతారు. భూమి కుదువ పెట్టింది లేదు, బంగారం తాకట్టు లేదు. అయినా అడ్తిదారు నిద్రపోగలడు. ఆ రైతుది ఏ ఊరో, ఎన్నెకరాలో, కాలువ నీళ్లు అందుతాయో లేదో, తండ్రి మాట మీద నిలబడ్డాడో లేదో అతనికి తెలుసు. ఈ పద్ధతిలో రైతు నలిగిపోయిన సందర్భాలు తక్కువేం కాదు. అది వేరే పెద్ద కథ. ఇక్కడ చూడాల్సింది ఒక్కటే: ఆస్తి హామీ లేనిచోట మనిషి గురించిన ఎరుక హామీగా నిలబడింది.

బోధన్ వైపు ఊళ్లలో ఇద్దరి మధ్య నడిచే చేబదులుకైనా ఒక నోటు ఉంటుంది. తెల్లకాగితం మీద పేరు, తండ్రి పేరు, ఊరు, మొత్తం, నూటికి రెండు రూపాయల మిత్తి. కింద రెవెన్యూ స్టాంపు, దాని మీద అడ్డంగా సంతకం, పక్కన ఇద్దరు సాక్షులు. మూడేళ్లు దాటితే నోటు చెల్లదు కాబట్టి, గడువు ముగిసేలోపు ఎంతో కొంత జమ చేయించి వెనకవైపు రాయించుకుంటారు. అప్పటి నుంచి మళ్లీ మూడేళ్లు. చదువు పెద్దగా లేని పెద్దమనుషులకు కూడా ఈ లిమిటేషన్ లెక్క నోటికి వచ్చు.

ఇప్పుడు అదే ఇంట్లో డిగ్రీ చదివిన కుర్రాడి ఫోన్‌లోకి రండి. టెలిగ్రామ్‌లో ఒక సందేశం: నీ దగ్గర యూఎస్‌డీటీ ఊరికే పడి ఉందా బ్రో, నెల రోజులకు నాకివ్వు, పది శాతం కలిపి పంపిస్తా. కింద ‘టి’తో మొదలయ్యే 34 అక్షరాలు, అంకెల వరుస. అదే వాలెట్ చిరునామా. యూఎస్‌డీటీ అంటే డాలర్‌తో సమానంగా ఉండేలా టెథర్ సంస్థ జారీ చేసే కాయిన్. ఆ 34 అక్షరాల్లో ఊరు లేదు, తండ్రి పేరు లేదు. పంపు అన్న మీట నొక్కాక వెనక్కి పిలిచే దారీ లేదు.

పరిచయం లేనివాళ్ల మధ్య హామీ లేని కాయిన్ అప్పు కొత్తదేం కాదు. 2012లో మొదలైన బీటీసీజామ్ అనే సంస్థ సరిగ్గా ఈ పనే చేసింది. ఏ దేశంలో ఉన్నా, బ్యాంకు మొహం చూడకపోయినా, బిట్‌కాయిన్‌లో అప్పు అడగొచ్చు. ఎక్కడో ఉన్నవాళ్లు తలా కొంచెం ఇస్తారు. ఆలోచనలో మంచి ఉంది, కాదనలేం. కానీ ఎగవేతలు వెంటాడాయి, 2017లో మూతపడింది. అందులో ఒక చిక్కు కాయిన్ ధరది. 2013 జనవరిలో 13 డాలర్ల దగ్గరున్న బిట్‌కాయిన్ నవంబర్ చివరికి వెయ్యి దాటింది. ఏడాది మొదట్లో ఒక కాయిన్ తీసుకున్నవాడు ఏడాది చివర తిరిగివ్వాలంటే ఎన్ని రెట్ల కష్టం చేయాలి? నిజాయితీపరుడు కూడా చేతులెత్తేస్తాడు. మూతపడకముందు ఆ సంస్థే డాలర్ విలువకు కట్టిన అప్పులు కూడా తెచ్చింది.

రెండో చిక్కు మనిషిది. ఇలాంటి చోట్ల పరపతి అంటే పాత లావాదేవీల చిట్టా. చిన్న అప్పు తీసుకుని గడువుకు రెండు రోజుల ముందే కట్టేస్తాడు. మళ్లీ కొంచెం పెద్దది, అదీ కట్టేస్తాడు. మంచి పేరు పోగవుతుంది. నాలుగోసారి పెద్ద మొత్తం అడిగి, అందరి దగ్గరా ఒకేసారి తీసుకుని మాయమవుతాడు. ఆ పేరున్న ఖాతానే ఇంకొకరికి అమ్మేసేవాళ్లూ ఉన్నారు. అంటే మీరు ఎవరి చరిత్ర చూసి నమ్మారో, డబ్బు తీసుకున్నది ఆ మనిషే అన్న భరోసా కూడా లేదు. పాత వరస చూసి అప్పివ్వడం మన దగ్గరా ఉన్నదే. కాకపోతే ఇక్కడ పేరు చెడితే ఊళ్లో తిరగడం కష్టం, అక్కడ కొత్త ఖాతాకు ఐదు నిమిషాలు.

కుర్రవాళ్లు, ఒంటరివాళ్లే మోసపోతారనుకుంటే పొరపాటు. అమెరికాలో వాయేజర్ అనే కంపెనీ జనం దగ్గర కాయిన్లు తీసుకుని, సింగపూర్ కేంద్రంగా నడిచిన త్రీ ఏరోస్ క్యాపిటల్‌కు 15,250 బిట్‌కాయిన్లు, మరో 35 కోట్ల డాలర్ల విలువైన కాయిన్లు ఏ హామీ లేకుండా అప్పిచ్చింది. 2022 జూన్‌లో ఆ అప్పు మునిగింది, జూలైలో వాయేజర్ దివాలా తీసింది. అదే నెలలో అలాంటి మరో కంపెనీ సెల్సియస్ కూడా. సెల్సియస్ వడ్డీ ఖాతాల్లో దాచుకున్న వాళ్లది సుమారు 420 కోట్ల డాలర్ల సొమ్ము. అవి మావే కదా అని ఖాతాదారులు కోర్టుకు వెళితే, 2023 జనవరిలో న్యూయార్క్ దివాలా కోర్టు జడ్జి మార్టిన్ గ్లెన్ ఆ కాయిన్లు కంపెనీవే అన్నారు. ఒప్పందంలో మీరే హక్కు రాసిచ్చారు, కాబట్టి మీరు హామీ లేని అప్పులవాళ్లు, వరుసలో నిలబడండి అని దాని అర్థం. వ్యవస్థాపకుడు అలెక్స్ మషిన్‌స్కీకి 2025 మేలో 12 ఏళ్ల జైలు శిక్ష పడింది.

హామీ లేని అప్పులవాడి వరుస ఎలా ఉంటుందో బోధన్‌లోని శక్కర్‌నగర్‌కు తెలుసు. అక్కడ 1937లో మొదలైన నిజాం షుగర్స్ ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీగా పేరుపడింది. చెరుకు కాంటా వేసి వచ్చిన ప్రతి రైతూ ఆ క్షణం నుంచి ఫ్యాక్టరీకి అప్పిచ్చినవాడే. 14 రోజుల్లో డబ్బు ఇవ్వాలి, ఆలస్యమైతే 15 శాతం వడ్డీ అని 1966 నాటి చెరుకు నియంత్రణ ఉత్తర్వు చెబుతుంది. అయినా రైతు చేతిలో ఉండేది ఒక చీటీ, ఫ్యాక్టరీ మీద నమ్మకం. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది, 2015 డిసెంబర్‌లో లేఆఫ్ ప్రకటించారు, 2019లో లిక్విడేషన్ ఉత్తర్వు వచ్చింది. మన దివాలా చట్టంలో తాకట్టు ఉన్న బ్యాంకులు, కార్మికుల రెండేళ్ల బకాయిలు ముందు. సరుకు అరువిచ్చినవాళ్లు బాగా వెనక. అయితే శక్కర్‌నగర్ గేటు ముందు టెంటు వేసుకుని కూర్చోవడానికి ఒక గేటు ఉంది. ప్రతి ఎన్నికలో ఆ చిమ్నీ పేరెత్తక తప్పని నాయకులున్నారు. పోరాడటానికి ఎదురుగా ఎవరో ఒకరు ఉండటం చిన్న విషయం కాదు.

హామీ అడగని అప్పు ఇంకో రూపంలో తెలంగాణ మీద పడింది. 2020 చివర్లో లోన్ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక మనవాళ్లు ప్రాణాలు తీసుకున్నారు. తాకట్టు లేదు, సంతకం లేదు, ఐదు నిమిషాల్లో డబ్బు అన్నారు. నిజానికి ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోలన్నీ లాగేసుకున్నారు. వాయిదా తప్పితే అత్తగారికి, ఆఫీసులో సారుకు, చెల్లెలి స్నేహితురాలికి బూతు మెసేజ్‌లు. పరువునే తాకట్టు పెట్టించుకున్న అప్పది. ఆ వసూళ్లలో కొంత క్రిప్టోగా మారి దేశం దాటిందన్న అనుమానంతోనే 2022 ఆగస్టులో ఈడీ క్రిప్టో ఎక్స్ఛేంజ్ వజీర్‌ఎక్స్ బ్యాంకు ఖాతాల్లోని 64.67 కోట్ల రూపాయలను స్తంభింపజేసింది. తర్వాతి నెలలో ఆ ఖాతాలు విడుదలయ్యాయి. పోయిన ప్రాణాల మాటేమిటి?

ఇంతా తెలిసి మనవాళ్లు ముక్కూ మొహం తెలియనివాడిని ఎందుకు నమ్ముతారు? నా సమాధానం: నమ్మరు. మన ప్రాంతం జనం అంత తేలిగ్గా పైసలు తీసేవాళ్లు కారు. అపరిచితుడు నేరుగా రాడు, మనకు తెలిసినవాడి చెయ్యి పట్టుకుని వస్తాడు. గోదావరి దాటితే వచ్చే నిర్మల్ జిల్లాలో యూబిట్ కాయిన్ పేరుతో సాగిన గొలుసుకట్టు దందా చూడండి. 2024లో పోలీసులు అరెస్టు చేసినవాళ్లలో ప్రభుత్వ ఉపాధ్యాయులున్నారు. సారే పెట్టిండు, మనం పెడితే ఏంది అన్న ఒక్క మాట చాలు. కాయిన్ ఎవరు పుట్టించారో, సర్వర్ ఏ దేశంలో ఉందో ఎవరూ అడగరు. పిల్లలకు అఆలు నేర్పిన మనిషి పరపతిని ఎవడో ఉచితంగా వాడుకుంటాడు. ఆ సారు కూడా ఎక్కువసార్లు తన పైన ఇంకెవరినో నమ్మినవాడే. నన్నడిగితే ఈ వ్యవహారంలో అన్నిటికంటే క్రూరమైన సంగతి ఇదే: కాయిన్ పోతే పోయింది, ఊళ్లో ఒకరి మాట మీద ఇంకొకరు నోటు రాసుకునే ఆ కొద్దిపాటి నమ్మకం కూడా దాంతోనే పోతుంది.

అవసరాన్ని మరిచి ఆశను మాత్రమే తిట్టడం నాకు ఇష్టం లేదు. పాస్‌బుక్ లేని కౌలు రైతుకు బ్యాంకు మేనేజర్ కుర్చీ చూపించడు. వారి కోసం 2011లోనే రుణ అర్హత కార్డుల చట్టం వచ్చినా పరిస్థితి పెద్దగా మారలేదు. గల్ఫ్ వీసాకు డబ్బు కావాల్సిన కుర్రాడికి తాకట్టు పెట్టడానికి ఏముంటుంది? అలాంటి కుర్రాడి ఫోన్‌కు ‘సెక్యూరిటీ లేకుండా లోన్, ముందుగా 50 యూఎస్‌డీటీ ఫీజు’ అన్న సందేశం వస్తే అతను కట్టేస్తాడు. అప్పు రాదు, ఫీజు తిరిగిరాదు. అప్పిచ్చేవాడికే కాదు, అడిగేవాడికీ ప్రమాదం ఉంది.

పరిచయం లేనివారికి అప్పివ్వాలన్న కోరిక ఉంటే చట్టబద్ధమైన దారి లేకపోలేదు. 2017లో రిజర్వ్ బ్యాంక్ పీ2పీ సంస్థలకు, అంటే వ్యక్తుల మధ్య నేరుగా అప్పులు కుదిర్చేవాటికి, లైసెన్సు విధానం తెచ్చింది. ఒక అప్పిచ్చేవాడు ఒకే వ్యక్తికి 50 వేల రూపాయలకు మించి ఇవ్వకూడదు, గడువు 36 నెలలు దాటకూడదు. ఇందులోనూ నష్టం వస్తే మీదే, 2024 ఆగస్టులో రిజర్వ్ బ్యాంక్ ఆ మాట గట్టిగా చెప్పింది. కానీ అప్పు తీసుకున్న మనిషి ఎవరో తేల్చాకే డబ్బు కదులుతుంది, అదీ రూపాయల్లో, బ్యాంకు ఖాతాల మధ్య.

క్రిప్టో కొనడం, అమ్మడం మన దేశంలో నేరం కాదు. 2018 నాటి రిజర్వ్ బ్యాంక్ ఆంక్షలను సుప్రీంకోర్టు 2020 మార్చిలో కొట్టేసింది. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం పన్ను ఉంది. నష్టాన్ని మాత్రం వేరే ఆదాయంలోంచి తీసేసుకోనివ్వరు. క్రిప్టో కూడా ఆస్తేనని 2025 అక్టోబర్‌లో మద్రాస్ హైకోర్టు చెప్పింది. అంటే మీ కాయిన్‌కు చట్టంలో ఇప్పుడు చోటుంది. దాన్ని తీసుకున్నవాడి మీద బోధన్ కోర్టులో దావా వేయాలంటే మాత్రం ప్రతివాది పేరు, చిరునామా రాయాలి, సమన్లు అందాలి. మోసమని తేలిన వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. బ్యాంకు నుంచి వెళ్లిన సొమ్ము మొదటి గంటల్లో దారిలో ఆగిన సందర్భాలున్నాయి. కాయిన్‌గా వెళ్తే లావాదేవీ నంబరు, వాలెట్ చిరునామా, చాట్ తెరపటాలు దాచండి. సిగ్గుపడి చాట్ తుడిచేస్తే పోలీసులు పట్టుకోవడానికి ఆ ఒక్క ఆధారం కూడా మిగలదు.