పాత జీపుకు సీటు కింద పెట్టె.. తొందరపడితే ముప్పు

మన్యం ఘాట్‌ రోడ్లపైన, మెట్ట ప్రాంతపు పొలాల దారుల్లో పాత పెట్రోలు జీపులు నేటికీ అక్కడక్కడ కనిపిస్తుంటాయి. ఇంజిను బాగు చేయించి, రంగులు వేయించి వాటిని ప్రాణప్రదంగా చూసుకొనే యజమానులు ఉన్నారు. అయితే పలు బండ్లలో ముందు సీటు కింద ఉండవలసిన పనిముట్ల పెట్టె మాత్రం కనిపించదు. తుప్పు పట్టిందని ఒకరు, చోటు చాలడం లేదని మరొకరు ఎప్పుడో తీసివేసి ఉంటారు.

ఇది చిన్న లోటుగా తోచవచ్చు. కాని పెట్టె లేని బండిలో జాకీ, స్పానర్లు నేలమీదే పడి ఉంటాయి. ఘాట్‌ దిగుతున్న వేళ అవి ముందుకు జారి బ్రేకు పెడల్‌ కిందికి చేరితే ప్రాణాలకే ప్రమాదం.

ఏ బండిదో తెలుసుకోవాలి

జీపులన్నీ ఒక్క తీరున ఉండవు. రెండో ప్రపంచయుద్ధ కాలపు విల్లీస్‌ ఎంబీలో పనిముట్ల అరలు వెనుక చక్రాల వద్ద బాడీ మూలల్లో ఉండేవి. యుద్ధానంతరం 1945లో వచ్చిన పౌర వాహనం సీజే-2ఏలో పెట్టెను డ్రైవరు పక్క సీటు కిందికి మార్చారు. 1953లో అమెరికాలో మొదలైన సీజే-3బీ నమూనానే మన దేశంలో మహీంద్రా సంస్థ దీర్ఘకాలం తయారు చేసింది. కనుక తమది ఏ నమూనాయో తేల్చుకున్న తరువాతే పెట్టె కోసం వెతకడం మంచిది. సీటు కింద నేలరేకుపై పాత బోల్టు రంధ్రాలు, అతుకుల గుర్తులు ఉన్నాయేమో చూస్తే అసలు పెట్టె ఎక్కడ ఉండేదో తెలుస్తుంది.

కొలతలే కీలకం

విజయవాడ ఆటోనగర్‌ వంటి చోట్ల పాత విడిభాగాల దుకాణాల్లో వెతికినా సరిపోయే పెట్టె దొరకనప్పుడు కొత్తది చేయించుకోవడమే మార్గం. ముందుగా సీటు కింద చోటును పొడవు, వెడల్పు, ఎత్తుల్లో కొలవాలి. మనిషి కూర్చున్నప్పుడు సీటు స్ప్రింగులు కిందికి దిగుతాయి. ఆ మేరకు ఎత్తు తగ్గించుకోకుంటే మూత నొక్కుకుపోతుంది. తొలుత మందపాటి అట్టతో నమూనా పెట్టె చేసి, సీటు కింద అమర్చి చూసి, ఆ తరువాతే రేకు కోయించాలి.

ఇందుకు 18 గేజి, అంటే సుమారు 1.2 మిల్లీమీటర్ల మందం గల ఇనుప రేకు సరిపోతుంది. జింకు పూత ఉన్న రేకును వెల్డింగ్‌ చేస్తే వెలువడే పొగ హానికరం. కాబట్టి పూత లేని రేకే శ్రేయస్కరం. అడుగున నీరు పోవడానికి మూలల్లో చిన్న రంధ్రాలు పెట్టించాలి. లోపల, వెలుపల రెడ్‌ ఆక్సైడ్‌ పూసి ఆరిన పిదపే రంగు వేయాలి.

వెల్డింగ్‌ వద్దే అసలు ప్రమాదం

ఈ జీపులలో పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది. పెట్టె అమర్చే చోటు దానికి అడుగుల దూరమే. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది కనుక కిందనే పేరుకొని ఉంటుంది. ట్యాంకు ఖాళీగా ఉంది కదా అనుకోవడం పొరపాటు. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. అందువల్ల పెట్టెను బయటే పూర్తిగా వెల్డింగ్‌ చేయించి, బండిలో బోల్టులతో మాత్రమే బిగించాలి. నేలరేకు తుప్పుపట్టి అతుకు తప్పనిసరైతే ట్యాంకును బండి నుంచి దించి దూరంగా ఉంచి, బ్యాటరీ తీగలు తప్పించాకే పని మొదలుపెట్టాలి. డీజిలు ఇంజిను వేయించిన బండ్లలో ట్యాంకు స్థానం మారి ఉండవచ్చు. దానిని ముందే చూసుకోవాలి.

బిగించే తీరు

కొత్త రంధ్రం వేసేముందు బండి కిందికి దూరి చూడాలి. బ్రేకు గొట్టాలు, తీగలు, సైలెన్సర్‌ అడ్డు వచ్చే వీలుంది. వీలైనంతవరకు పాత రంధ్రాలనే వాడుకోవాలి. అమెరికా నమూనా జీపులలో బోల్టులు అంగుళాల కొలతలో ఉంటాయి. మిల్లీమీటర్ల బోల్టును బలవంతంగా తిప్పితే మర చెడిపోతుంది. పెట్టె కింద పాత ట్యూబు ముక్కలు పరిస్తే చప్పుడు ఉండదు, రంగు చెదరదు. కుదుపులకు మూత లేవకుండా గట్టి గొళ్లెం తప్పనిసరి.

నిబంధనలు ఏమంటున్నాయి?

రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ చెబుతోంది. 50 ఏళ్లు దాటిన వాణిజ్యేతర వాహనాలకు వింటేజ్‌ రిజిస్ట్రేషను ఇచ్చేలా 2021 జులైలో కేంద్రం నిబంధనలు తెచ్చింది. ఛాసిస్‌, బాడీ, ఇంజిన్లలో చెప్పుకోదగ్గ మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండటం ఇందుకు షరతు. ఊడదీయగల పెట్టెతో ఇబ్బంది ఉండదు. దానికోసం బాడీనే కోసేస్తే బండికి ఆ అర్హత ప్రశ్నార్థకమయ్యే అవకాశముంది.

పెట్టె సిద్ధమయ్యాక జాకీ, వీల్‌ స్పానరు, ట్యూబు అతుకుల సామగ్రి అందులో చేరాలి. పెట్రోలు సీసాలు, విడి బ్యాటరీ మాత్రం అందులో ఉంచరాదు. ఘాట్‌ ఎక్కేముందు ఒక్కసారి గొళ్లెం పడిందో లేదో చూసుకుంటే ప్రయాణం నిశ్చింతగా సాగుతుంది.