బండి ఆగినా నీళ్లు ఆగవు

మా వీధిలో కార్లు కడిగే కుర్రాడొకడు సెకండ్ హ్యాండ్‌లో ఒక వ్యాను కొనుక్కున్నాడు. డ్రైవరు సీటు వెనకే 500 లీటర్ల నల్ల ట్యాంకు, దాని పక్కన పంపు, పైపు చుట్ట, చిన్న జనరేటరు. ఓ రోజు పొద్దున్నే మెయిన్ రోడ్డు దాకా దింపుతానంటే ఎక్కాను. సిగ్నల్ దగ్గర బ్రేకు కొట్టాడు. బండి ఆగింది. ఆగిన క్షణానికి వీపు వెనక దబ్బుమని చప్పుడు, ముందు చక్రాల మీదికి బండి మళ్లీ ఒరిగింది. తర్వాత వెనక్కి. మళ్లీ ముందుకి.

"నీళ్లన్నా, గట్లనే ఊగుతయ్. తాడు గట్టిగనే కట్టిన," అన్నాడు.

వెనక్కి తిరిగి చూశాను. నీలం రంగు నైలాన్ తాడు, ట్యాంకు నడుముకి రెండు చుట్లు. అంతే.

లీటరు నీళ్లు కిలో బరువు. 500 లీటర్లంటే అరటన్ను, పది సిమెంటు బస్తాలు. బస్తాలైతే ఎక్కడ పెడితే అక్కడే పడి ఉంటాయి, బండితోపాటే కదిలి బండితోపాటే ఆగుతాయి. నీళ్లు అలా కాదు. బ్రేకు వేసినప్పుడు ట్యాంకు గోడలు ఆగుతాయిగానీ లోపలి నీళ్లు వచ్చిన వేగంతోనే ముందుకు పోతాయి. భూమ్యాకర్షణలో సగమంత బలంతో బ్రేకు పడితే నీటి మట్టం దాదాపు 27 డిగ్రీలు వాలిపోతుంది. మీటరు పొడవున్న ట్యాంకు సగం నిండి ఉంటే ముందు గోడ దగ్గర నీళ్లు 25 సెం.మీ. పైకి లేస్తాయి, వెనక అంతే దిగుతాయి. అక్కడితో ఆగదు. అలాంటి ట్యాంకులో నీళ్లు ఇటునుంచి అటు వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం సుమారు 1.2 సెకన్లు. సిగ్నల్ దగ్గర నా వీపుకి తెలిసిన రెండో తోపు అదే.

నిండు కుండ తొణకదంటాం. ట్యాంకు విషయంలో అది అక్షరాలా నిజం. నిండా ఉంటే నీటికి కదిలే చోటుండదు. సగం ఖాళీ అయ్యాక, అంటే రెండు మూడు కార్లు కడిగి నాలుగో ఇంటికి బయల్దేరినప్పుడు, బరువు తగ్గిందనుకుని డ్రైవరు స్పీడు పెంచుతాడు. ఊగుడు ఎక్కువయ్యేది సరిగ్గా అప్పుడే. మలుపులోనూ ఇంతే. 15 మీటర్ల వ్యాసార్ధమున్న మలుపును 30 కి.మీ. వేగంతో తిప్పితే నీళ్లు పాతిక డిగ్రీలు పక్కకి ఒరుగుతాయి. బండి ఏ వైపు ఒరుగుతోందో నీటి బరువూ ఆ వైపే చేరుతుంది.

దీనికి మందు మన పల్లెల్లో ఎప్పటినుంచో ఉంది. బిందెలో నీళ్లు మోసేటప్పుడు పైన నాలుగు ఆకులు వేస్తే నీళ్లు చిందవు. అలను పుట్టనివ్వకుండా ఆకు అడ్డుకుంటుంది. ట్యాంకులో ఆ పని చేసేది బ్యాఫిల్, అంటే చిల్లులున్న అడ్డుపలక. మీటరు ట్యాంకును మధ్యలో ఒక పలకతో రెండు అరలు చేస్తే 25 సెం.మీ. లేవాల్సిన నీళ్లు పన్నెండున్నరే లేస్తాయి. చిల్లుల గుండా నీళ్లు మెల్లగా పారుతూ మట్టం సమానం చేసుకుంటాయి. ఈ పలక లేకపోతే రాకెట్లకే దిక్కు లేదు. 2007 మార్చిలో స్పేస్‌ఎక్స్ సంస్థ ఫాల్కన్-1 రాకెట్ రెండో ప్రయోగంలో పై దశ ద్రవ ఆక్సిజన్ ట్యాంకుకి బ్యాఫిల్స్ లేవు. ద్రవం ఊగుడు పెరిగి పెరిగి రాకెట్ అదుపు తప్పింది, కక్ష్యను చేరలేదు. ఆ తర్వాత వాటిని అమర్చారు.

ఊగుడు ఒక ఎత్తు, ఢీకొనడం ఒక ఎత్తు. గంటకు 50 కి.మీ. వేగంతో పోతున్న బండి దేన్నో గుద్దుకుని, ముందు భాగం నలిగి, అరమీటరు దూరంలో ఆగిపోయిందనుకోండి. ఆ కొద్ది క్షణంలో ప్రతి వస్తువూ తన బరువుకి ఇరవై రెట్ల బలంతో ముందుకు దూసుకుపోవాలని చూస్తుంది. అరటన్ను ట్యాంకు పది టన్నులై డ్రైవరు వీపు మీదికి వస్తుంది. నైలాన్ తాడు సాగుతుంది, నున్నటి ప్లాస్టిక్ మీద జారుతుంది. ట్యాంకుకీ సీటుకీ మధ్య 30 సెం.మీ. ఖాళీ ఉంటే మరీ అన్యాయం. ట్యాంకు ఆ ఖాళీ దాటేసరికి సీటు దాదాపు ఆగిపోయే దశకు వస్తుంది, ట్యాంకు మాత్రం పాత వేగంతోనే ఉంటుంది. సీటును అది దాదాపు 39 కి.మీ. వేగంతో గుద్దుతుంది. అందుకే ట్యాంకును సీటు వెనకున్న అడ్డుకి ఆనించి పెట్టడం మొదటి పని.

ట్యాంకు కూడా పగలొచ్చు. మీటరు పొడవున్న ట్యాంకు నిండా ఉంటే, ఆ క్షణంలో దాని ముందు గోడ మీద పడే ఒత్తిడి 20 మీటర్ల లోతు నీటి కింద ఉండే ఒత్తిడితో సమానం. మేడ మీద కూర్చోబెట్టడానికి చేసిన ట్యాంకు జీవితకాలంలో చూసేది మీటరో, మీటరున్నరో లోతే. ఇంటి ట్యాంకును బండెక్కించడం చవకే కావచ్చు, అది మాత్రం ఆ పనికి పుట్టింది కాదు. పైగా అది నిలువుగా ఉంటుంది. వెడల్పుగా, పొట్టిగా ఉండే ట్యాంకైతే బరువు కిందికి దిగి బండి స్థిరంగా ఉంటుంది.

బ్రిటన్‌లో కిటికీ అద్దాలు కడిగేవాళ్లు వ్యానుల్లో ఇలాంటి ట్యాంకులతోనే తిరుగుతారు. ఆర్‌ఓ, రెసిన్ ఫిల్టర్లతో లవణాలన్నీ తీసేసిన నీళ్లు మోసుకెళ్లి పొడవాటి కర్రబ్రష్‌తో కడుగుతారు, మరక పడకుండా. వాళ్లకి ఢీకొనే పరీక్షకు నిలిచిన ఇనప ఫ్రేములు అమ్ముతున్నారు. యూరప్ ప్రమాణం ప్రకారం, మామూలు ప్రయాణానికే సరుకు బరువులో 0.8 వంతు బలం ముందుకు, 0.5 వంతు పక్కలకు, వెనక్కి తట్టుకునేలా కట్టాలి. 500 కిలోలకు అది ముందుకు 400 కిలోలు. ఢీకొనడానికి ఈ లెక్క చాలదు.

మన వెల్డింగ్ షాపులోనూ పనికొచ్చే ఫ్రేము చేయించుకోవచ్చు. ట్యాంకు కింద, చుట్టూ, పైన యాంగిల్ పట్టీలు రావాలి, ముందు వైపు ఒత్తుగా. అసలు బలం బిగింపులో ఉంది. 8.8 గ్రేడు 10 మి.మీ. బోల్టు ఒక్కటే నాలుగున్నర టన్నుల లాగుడుకి ఆగుతుంది, కానీ దాన్ని పల్చటి ఫ్లోరు రేకుకి బిగిస్తే రేకు చిరిగి బోల్టు ఊడొస్తుంది. ఛాసిస్ దాకా బోల్టు దింపాలి. రేకు మీద తప్పదంటే కింద అరచేయంత మందపాటి ఇనప బిళ్ల వెయ్యాలి. ట్యాంకు అడుగున రబ్బరు చాప, పైన రాచెట్ బెల్టులు. బెల్టుకి పదును తగిలే మూలల్లో గుడ్డో రబ్బరో పెట్టాలి.

వీటన్నిటికంటే ముందు ఆర్‌సీ చూడాలి. బండి మొత్తం అనుమతి బరువులోంచి ఖాళీ బరువు తీసేస్తే మిగిలేదే మీకున్న లెక్క. డ్రైవరు, పంపు, జనరేటరు కూడా అందులోకే వస్తాయి. 2005లో వచ్చిన మొదటి టాటా ఏస్ మోయగలిగింది ముప్పావు టన్ను. దాని మీద వెయ్యి లీటర్ల ట్యాంకు నింపితే ఎంత గొప్ప ఫ్రేమైనా కాపాడలేదు.

మా కుర్రాడికి ఇవన్నీ కాగితం మీద లెక్క వేసి చూపించాను. పది టన్నుల దగ్గర ఆగి, సీటు వైపు ఒకసారి చూసుకున్నాడు. ఇప్పుడతని వ్యానులో ఉన్నది 300 లీటర్ల పొట్టి ట్యాంకు, లోపల అడ్డుపలక, ఛాసిస్‌కి బిగించిన ఫ్రేము. రోజుకి ఒకసారి ఎక్కువ నింపుకోవాల్సి వస్తోంది.

మీ ఇంటికి నీళ్ల ట్యాంకుతో వచ్చే బండి ఏదైనా సరే, డ్రైవరుకి మంచినీళ్లిచ్చేటప్పుడు అతని సీటు వెనక ఏం కట్టి ఉందో ఒకసారి చూడండి. తాడైతే చెప్పండి.